చెరువు నిండా పచ్చగా ఉంటే బాగున్నట్టా, పాడైనట్టా? మొక్కలను చూసి చెప్పొచ్చా?

కట్టమీద_కిరణ్ (ఆదివారం ఉదయం)

అందరికీ నమస్కారం. మేం బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఉంటాం. అపార్ట్‌మెంట్ వెనక ఒక చిన్న చెరువు ఉంది. పేరు చెప్పను, ఈ గ్రూపులో మా అసోసియేషన్ వాళ్ళు కూడా ఉన్నారు, ఎందుకొచ్చిన గొడవ. సంగతేంటంటే, మొన్నటి మీటింగులో "చెరువంతా పిచ్చిమొక్కలే, జేసీబీ పెట్టి మొత్తం తోడించేసి చుట్టూ రాళ్ళు పరిపించి మధ్యలో ఫౌంటెన్ పెట్టిద్దాం" అని ఒక వర్గం పట్టుబట్టింది. ఇంకో వర్గమేమో "పచ్చగా కళకళలాడుతోంది, ప్రకృతిని ముట్టుకోవద్దు" అంటోంది. నాకు ఈ రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. పోనీ నీళ్ళు టెస్టు చేయిద్దామా అంటే, పోయినసారి పెద్ద వాన పడ్డ మర్నాడు తీసిన శాంపిల్‌లో అంతా బాగానే ఉందని వచ్చింది, వారం తిరక్కుండానే అదే చోట ముక్కు మూసుకుని నడవాల్సి వచ్చింది. నీటిలో, ఒడ్డున ఏ మొక్కలున్నాయో చూసి తడినేల ఆరోగ్యం అంచనా వేసే పద్ధతులున్నాయని విన్నాను. బాటనీని ఇంటర్‌తోనే వదిలేసిన మనలాంటివాళ్ళం అది చేయగలమా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సర్జాపూర్_శీను

మొక్కల్ని చూసి చెప్పడానికి అదేమైనా జాతకమా బ్రో? ఒక ఆక్సిజన్ మీటర్ కొనుక్కుని ముంచితే అయిపోతుంది కదా.

పచ్చనాకు

శీను గారూ, మీటర్ కొనండి, వద్దనను. కానీ అది ముంచిన ఆ నిమిషం సంగతే చెబుతుంది. తెల్లవారుజామున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. మొక్కలు అలా కాదు, షుగర్ ఉన్నవాళ్ళకు మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంటుంది చూడండి, అలాంటివి. ఆ నీటిలో, ఆ బురదలో నెలల తరబడి ఉండి, తట్టుకున్నవే మిగులుతాయి. తట్టుకోలేనివి చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

నేను డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పినవాణ్ణి, రిటైరై కోరమంగళలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి. చెరువు దగ్గరికి వెళ్ళగానే మొక్కల పేర్ల కోసం కంగారు పడొద్దు. ముందు అవి ఎక్కడ నిలబడ్డాయో చూడండి. ఒడ్డున తడిమట్టిలో ఉండేవి, అంటే తుంగ, నీరుగొబ్బి, పొన్నగంటి. వేళ్ళు నీటి అడుగున పెట్టి తల పైకెత్తేవి, జమ్ము, కిక్కిస. అడుగున వేళ్ళు, నీటిమీద ఆకులు, కలువ, తామర. ఎక్కడా వేళ్ళూనకుండా తేలిపోయేవి, గుర్రపు డెక్క, అంతరతామర, ఆ చిన్నచిన్న డక్‌వీడ్. చివరగా పూర్తిగా నీటిలోపలే ఉండేవి, హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటివి. మంచి చెరువులో ఒడ్డు నుంచి లోపలికి వెళ్తుంటే ఇవి ఒకదాని తర్వాత ఒకటి వరసగా వస్తాయి. ఆ వరస తెగిందంటే ఏదో జరిగిందన్నమాట.

చాలామంది కలుపు ఎంతుందో చూస్తారు. నేనైతే ముందు నీటిలోపల మొక్కలు ఉన్నాయా లేవా అని చూస్తాను. వాటికి వెలుతురు అడుగుదాకా దిగాలి. మురుగు వచ్చి నాచు కణాలు పెరిగి నీళ్ళు చిక్కని ఆకుపచ్చగా మారగానే మొదట పోయేవి అవే. అవి పోయాక అడుగు మట్టిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, గాలికి బురద లేస్తుంది, నీళ్ళు ఇంకా మసకబారతాయి. నాచును తినే సూక్ష్మజీవులు చేపల నుంచి దాక్కునేది ఆ మొక్కల మధ్యనే, ఆ చోటు కూడా పోతుంది. అందుకే లోతు తక్కువ చెరువు ఒకసారి ఆ మసక స్థితిలోకి జారిందంటే, తర్వాత మురుగు కొంచెం తగ్గించినా వెనక్కి రాదు. మార్టెన్ షెఫర్ అనే డచ్ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1993 నుంచి దీని మీద చాలా రాశారు, రెండు స్థితులు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దభీమని పడిపోవడం అని.

గుర్రపు డెక్క అంటారా, అది నీటిలో కరిగిన నత్రజని, భాస్వరాలనే నేరుగా తాగి బతుకుతుంది. వాతావరణం కలిసొస్తే ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కాబట్టి పచ్చదనం ఎంత ఎక్కువ ఉంటే చెరువు అంత బాగున్నట్టు అనుకోవడం తప్పు, చాలాసార్లు నిజం దానికి పూర్తిగా ఉల్టా.

కోలార్_నారాయణ

సార్ చెప్పింది నిజం. మాది మాలూరు పక్క, తాతల కాలం నుంచి చెరువు కింద మడి. చెరువంటే ఏడాదంతా నిండుగా ఉండాలని ఈ సిటీ జనం అనుకుంటారు గానీ మా చెరువులు ఎండాకాలం ఎండేవే. నీళ్ళు వెనక్కి జరిగే కొద్దీ ఆ తడి నేలలో ఏవేవో మొలిచేవి, తుంగ, చికిలింతాకు, నీరుగొబ్బి, గుంటగలగర. ఆవులు, గొర్రెలు అక్కడే. జమ్ము కోసి చాపలకు ఇచ్చేవాళ్ళు. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు మా జిల్లా చెరువులకు వస్తున్నాయి, బోర్లలో నీళ్ళు పైకొచ్చాయి, అది మంచిదే, కాదనను. కానీ ఎప్పుడూ నీళ్ళుంటే ఆ ఎండే అంచు ఉండదు, ఆ మొక్కలూ ఉండవు. మా నాయన అయితే చెరువంటే నీళ్ళొక్కటే కాదురా అనేవాడు.

పచ్చనాకు

నారాయణ గారూ, మీ పోస్టు ఒక పాఠంతో సమానం. నీటిమట్టం పైకీ కిందికీ ఆడే చెరువులో ఉండే మొక్కల జాబితా వేరు, ఏడాది పొడుగునా ఒకే మట్టంలో మురుగు నిలిచే చెరువులో వేరు. రెండోదాంట్లో జమ్ము ఒక్కటే రాజ్యమేలుతుంది. బెంగళూరులో చాలా చోట్ల ఇదే కథ. దానికితోడు బాగుచేసే పేరుతో ఒడ్డును నిట్టనిలువుగా చెక్కేసి రాళ్ళు కడతారు. అరడుగు, అడుగు లోతుండే ఆ పల్చటి అంచు లేకపోతే తుంగజాతి ఎక్కడ నిలబడాలి?

ఫ్లాట్_నంబరు_ఎందుకులే

నేను ఆ జేసీబీ వర్గంలో మనిషినే, దాచేదేం లేదు. కిరణ్ గారూ, మీరు ఏడో అంతస్తు, మేం కింద ఉంటాం. సాయంత్రమైతే దోమలు, వానాకాలం పాములు, పిల్లల్ని కిందికి పంపాలంటే టెన్షన్. బాటనీ క్లాసులు బాగానే ఉన్నాయి గానీ మా బాధ ఎవరికి చెప్పుకోవాలి? పైగా 2018 జనవరిలో బెళ్ళందూరు చెరువు తగలబడితే ఆర్పడానికి ఆర్మీ వాళ్ళు రావాల్సి వచ్చింది, అక్కడ కాలింది ఎండిన గడ్డే కదా. మొక్కలు ఉంచితే అదీ ప్రమాదమే.

పచ్చనాకు

మీ బాధ న్యాయమైనదే అండీ. మాన్సోనియా అనే దోమ ఒకటుంది, దాని పిల్ల పురుగులు గుర్రపు డెక్క, అంతరతామర వేళ్ళను గుచ్చి వాటిలోంచే గాలి పీలుస్తాయి, పైకి రానే రావు. కాబట్టి తేలే మొక్కల చాప తీయాలన్న మీ మాట నూటికి నూరు పాళ్ళూ కరెక్టు. ఆ చాప కింద వెలుతురు ఉండదు, ఆక్సిజన్ ఉండదు. నేను వద్దనేది ఒడ్డున ఉన్న తుంగ, కలువ, నీటిలోపలి మొక్కలు కూడా అదే బకెట్‌లో పోవడం. బెళ్ళందూరు సంగతికొస్తే, ఏళ్ళ తరబడి మురుగు తాగి బలిసిన గడ్డి చెరువు గర్భంలో ఎండి నిలవడమే అక్కడ ఇంధనం. కోయకుండా వదిలేస్తే ప్రమాదమే, ఒప్పుకుంటాను. జమ్మును పట్టీలు పట్టీలుగా విడతల్లో కోయాలి, మొత్తం ఒకేసారి కాదు.

ఇంకోటి, తీసిన గుర్రపు డెక్కను ఒడ్డున కుప్పపోసి వెళ్ళిపోతారు, నేను చాలా చోట్ల చూశాను. అది కుళ్ళి ఆ రసమంతా మళ్ళీ చెరువులోకే. కూలి డబ్బు దండగ.

వైట్‌ఫీల్డ్_వదిన

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా పక్కన చెరువు గట్టున ఒకామె పొన్నగంటి కూర కోసి అమ్ముతుంది, కట్టలు పెద్ద పెద్దవి, చవక. నేను వారానికోసారి పప్పులో వేస్తా. ఇప్పుడు మీరు చెప్పింది చదువుతుంటే భయమేస్తోంది.

పచ్చనాకు

అమ్మా, రేపు ఒక కాడ తీసి చూడండి. పొన్నగంటి అయితే తెల్లటి చిన్న పూల గుత్తి ఆకు మొదట్లో కాడకే అంటుకుని ఉంటుంది. మురుగు చెరువుల్లో కనిపించేది ఎక్కువగా దాని దక్షిణ అమెరికా చుట్టం, అలిగేటర్ వీడ్. దాని పూగుత్తి గుండ్రంగా, కాస్త పెద్దదిగా, రెండు మూడు సెంటీమీటర్ల సన్నటి తొడిమ మీద ఆకుకు దూరంగా నిలబడుతుంది. కాడ విరిస్తే లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం, పూత లేనప్పుడు నాకూ ఒక్క చూపులో తేలదు. కానీ అసలు సంగతి అది కాదు, ఏదైనా సరే మురుగు నీటిలో పెరిగిన ఆకుకూర సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చుకుంటుంది, కడిగితే పోవు. అది మానేయండి.

కిరణ్ గారికి కూడా ఇది పనికొస్తుంది. నీళ్ళు వచ్చే చోట నీటిమీదికి చాపలా పరుచుకున్న అలిగేటర్ వీడ్ ఉంటే ఎరువు లాంటి నీళ్ళు వస్తున్నట్టు లెక్క.

వైట్‌ఫీల్డ్_వదిన

పొద్దున్నే చూశానండీ. తొడిమ ఉంది, గొట్టం కూడా. ఇన్నాళ్ళూ పప్పులో వేసింది ఇదా!

జీఐఎస్_గిరి

శాటిలైట్ బొమ్మల పని నాకు వదిలేయండి, ఆఫీసులో చేసేది అదే. సెంటినెల్-2 బొమ్మలు ఉచితం, 10 మీటర్ల పిక్సెల్, రెండు ఉపగ్రహాలు కలిపి అయిదు రోజులకోసారి. ఎరుపు, పరారుణ కాంతుల తేడాతో ఎన్‌డీవీఐ లెక్క కడితే ఎక్కడ పచ్చదనం ఉందో వచ్చేస్తుంది. పాత చరిత్ర కావాలంటే ల్యాండ్‌శాట్, 1980ల నుంచి 30 మీటర్లది దొరుకుతుంది, మీ చెరువు చిన్నది కాబట్టి అందులో చుక్కల్లా కనిపిస్తుంది అనుకోండి. కిరణ్, లొకేషన్ పర్సనల్‌గా పంపు.

సర్జాపూర్_శీను

చూశారా, టెక్నాలజీ ఉండగా బురదలో దిగడం ఎందుకు.

జీఐఎస్_గిరి

ఆగు బ్రో. ఎన్‌డీవీఐకి గుర్రపు డెక్కా పచ్చే, జమ్మూ పచ్చే, తుంగా పచ్చే. అపార్ట్‌మెంట్ వాళ్ళు వేసిన లానూ పచ్చే. చెరువు మొత్తం డెక్కతో మూసుకుపోతే నా మ్యాపులో అది అద్భుతంగా కనిపిస్తుంది, ఎవరైనా రిపోర్టులో అదే పెట్టి "పచ్చదనం 40 శాతం పెరిగింది" అని ప్రెజెంటేషన్ ఇచ్చినా ఇస్తారు. నీటిలోపలి మొక్కలైతే అసలు కనిపించవు, నీరు పరారుణాన్ని మింగేస్తుంది. కానీ ఒక కిటుకు ఉంది. తేలే మొక్కలు గాలికి కదులుతాయి. వారం పది రోజుల తేడా ఉన్న రెండు మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే, చోటు మారిన పచ్చమచ్చ డెక్క, కదలనిది జమ్ము. ఆపైన మనిషి వెళ్ళి చూసి ఖాయం చేయాల్సిందే.

కొల్లేటి_కొంగ

చెన్నై నుంచి రాస్తున్నా. మాది కైకలూరు వైపు, ఉద్యోగం ఇక్కడి పళ్ళికరణై చిత్తడినేల పక్కన. 2022లో దాన్ని రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న తడినేలల జాబితాలో చేర్చారు, మా కొల్లేరు 2002లోనే చేరింది. బోర్డు పెడితే ఏమవుతుందో మా కొల్లేటిని చూస్తే తెలుస్తుంది, చేపల చెరువులు 2006లో పగలగొట్టేసినా మళ్ళీ పుట్టుకొచ్చాయి. సరే అది వేరే చర్చ. నేను చెప్పొచ్చేది, సముద్రం దగ్గరి తడినేలల్లో మీ బెంగళూరు లెక్కలు యథాతథంగా పనిచేయవు. అక్కడ ఉప్పు అనేది ఇంకో లెక్క. సువేడా, సెసూవియం లాంటి బొద్దుగా ఉండే ఆకుల మొక్కలు ఉప్పు నేలకు గుర్తు. ఉప్పు తగిలే చోట అవి ఉండటం సహజం, వాటి స్థానంలో జమ్ము పాకుతోందంటే మురుగు నీరో మంచినీరో వచ్చి ఉప్పును విరగ్గొడుతోందని అనుమానించాలి. అదే మంచినీటి చెరువులో ఉప్పు మొక్కలు వస్తే దానికి రివర్స్. ఏ మొక్క మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, దాని చోటు కాని చోట కనిపిస్తే అప్పుడు అడగాలి.

అడ్మిన్

కొల్లేరు చేపల చెరువుల మీద కొత్త థ్రెడ్ పెట్టుకోండి, ఇక్కడ దానికింద వచ్చిన రాజకీయ వ్యాఖ్యలు తీసేశాను.

కట్టమీద_కిరణ్

అందరికీ థాంక్స్. సార్, వీటికి మార్కులు వేసే పద్ధతి ఏదైనా ఉందా? మీటింగులో "వరస తెగింది" అంటే ఎవరూ వినరు, అంకె కావాలంటారు.

పచ్చనాకు

ఉన్నాయి. షికాగో చుట్టుపక్కల మొక్కల మీద పనిచేసిన ఫ్లాయిడ్ స్వింక్, జెరూల్డ్ విల్హెల్మ్ అనే ఇద్దరు 1970ల్లో ఒక లెక్క మొదలుపెట్టారు. ప్రతి మొక్కకూ 0 నుంచి 10 దాకా ఒక అంకె. ఎక్కడపడితే అక్కడ, చెత్తకుప్ప మీద కూడా మొలిచేదానికి 0, చెక్కుచెదరని సహజ స్థలంలో తప్ప బతకనిదానికి 10. చెరువులో దొరికిన దేశీయ జాతుల అంకెల సగటు తీసి, జాతుల సంఖ్య వర్గమూలంతో గుణిస్తే ఒక సూచిక వస్తుంది. పదహారు జాతులు, సగటు 3 అనుకుంటే 12. తమాషా ఏంటంటే జాతులు ఎక్కువ దొరికిన కొద్దీ ఇది పెరుగుతుంది, అంటే పెద్ద చెరువుకు ఊరికే మార్కులు, అందుకే చాలామంది ఉత్త సగటునే నమ్ముతారు.

ఇంకో పద్ధతి, ఆ మొక్క తడినేలను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో చూడటం. అమెరికా జాబితాల్లో అయిదు తరగతులు. 99 శాతానికి పైగా తడినేలలోనే కనిపించేవి ఒక కొస, 1 శాతం కూడా కనిపించనివి ఇంకో కొస. జర్మనీలో హైన్జ్ ఎలెన్‌బర్గ్ తేమకు వేరే అంకె, నత్రజనికి వేరే అంకె ఇచ్చాడు. అమెరికా వాళ్ళు 2011లో దేశమంతా తొలిసారి తడినేలల పరిస్థితి లెక్కగట్టినప్పుడు ప్రధానంగా ఆధారపడ్డ జీవులు మొక్కలే. కారణం సింపుల్, పురుగులూ పక్షులూ పారిపోతాయి, మొక్క పారిపోదు.

కానీ ఒకటి, ఆ అంకెలు అక్కడి నిపుణులు అక్కడి మొక్కలకు ఇచ్చుకున్నవి. అక్కడ కలుపైన హైడ్రిల్లా మనకు సొంత మొక్క. వాళ్ళ జాబితా దించి మన తుంగకు మార్కులు వేస్తే నవ్వులపాలవుతాం. పద్ధతి తీసుకోండి, అంకెలు తీసుకోవద్దు. మీ చెరువుకు సరిపడా మోటు కొలతలు చాలు. దేశీయ జాతులు ఎన్ని, పరాయివి ఎన్ని? నీటిమీద ఎంత భాగం తేలే మొక్కలు? నీటిలోపలి మొక్కలు ఉన్నాయా? ఒకే జాతి సగం కంటే ఎక్కువ చోటు ఆక్రమించిందా? తడినేలకు సంబంధం లేనివి హద్దు లోపలికి దిగాయా? చివరిది మన ఊళ్ళో చాలా ముఖ్యం. చెరువు గర్భంలో వయ్యారిభామ, ఆముదం, సర్కారు తుమ్మ మొలిచాయంటే అక్కడ ఎవరో రాత్రిపూట మట్టి, కట్టడాల చెత్త పోసి మెరక చేస్తున్నారేమో చూడండి.

కోలార్_నారాయణ

లొట్టపీసు మర్చిపోయినారు సార్. గట్టున అది అల్లుకుంటే ఇంకేదీ రానీదు, మేకలు కూడా ముట్టవు.

కట్టమీద_కిరణ్ (తర్వాతి ఆదివారం)

చూసొచ్చాం. నేను, గిరి, అసోసియేషన్ నుంచి ఎందుకులే గారు కూడా వచ్చారు, సార్ ఫోన్ వీడియోలో. సార్ చెప్పినట్టు తోటపని చేసే ఇనుప పళ్ళ రేక్‌లు రెండింటిని వీపులు కలిపి కట్టి, తాడుతో నీళ్ళలోకి విసిరి నెమ్మదిగా లాగాం. ఎవరం నీటిలో దిగలేదు.

రాజకాలువ (వాన నీటి పెద్ద కాలువ) నీళ్ళు పడే చోట డెక్క, అలిగేటర్ వీడ్, ఒడ్డున చేమ, ఆముదం. రేక్‌కు నల్లటి జిగట బురద తప్ప ఒక్క మొక్క రాలేదు, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. అక్కడి డెక్కను ఒకటి పైకి లాగితే ఆకులు మోకాలి ఎత్తున ఉన్నాయి, వేళ్ళు మాత్రం జానెడు కూడా లేవు. తర్వాత చుట్టూ తిరిగి అలుగు వైపు వెళ్ళాం. అక్కడ కూడా డెక్క ఉంది గానీ పొట్టిది, కాడలు బుడగల్లా ఉబ్బి ఉన్నాయి, వేళ్ళు మూరెడు పొడుగు, నల్లగా కుంచె లాగా వేలాడుతున్నాయి. కొన్ని ఆకుల మీద ఎవరో గోరుతో గీకినట్టు చిన్న చిన్న నలుచదరపు మచ్చలు. జమ్ము ఒక పక్క, తుంగ ఒక పాయ, తూటికూర. రేక్‌కు ఇక్కడ ఒక పచ్చటి తీగ చిక్కింది, బకెట్‌లో మంచినీళ్ళు పోసి వదిలితే ఆకులు విప్పుకున్నాయి, ఒక్కో ఆకూ చివర చీలి కొమ్ములా రెండుగా ఉంది. గరుకుగా ఉంది. వేరు కనిపించలేదు. ఫొటోలు పెట్టాను.

పచ్చనాకు

నా ఉత్సాహం ఆపుకోలేకపోతున్నాను. ఆ చీలిన ఆకుల తీగ సెరటోఫిల్లం. దానికి వేళ్ళే ఉండవు, తిండి నీటిలోంచే. కొంత మురుగును తట్టుకుంటుంది కాబట్టి చెరువు స్వచ్ఛంగా ఉందనడానికి అది సాక్ష్యం కాదు, కానీ వెలుతురు కొంతైనా లోపలికి దిగుతోందనడానికి సాక్ష్యమే. అలుగు వైపు నీటిలోపలి మొక్క బతికే ఉంది. ఇది పెద్ద వార్త.

దానికన్నా పెద్దది డెక్క వేళ్ళ సంగతి. తిండి పుష్కలంగా ఉన్నచోట దానికి పొడుగాటి వేళ్ళతో పనిలేదు, ఆకులే పెంచుకుంటుంది. భాస్వరం తగ్గేకొద్దీ వెతుక్కోవడానికి వేళ్ళు సాగుతాయి. కాడ బుడగలా ఉబ్బడం ఒత్తిడి లేని ఖాళీ నీటిలో పెరిగినదానికి గుర్తు. అంటే కాలువ దగ్గర జానెడు, అలుగు దగ్గర మూరెడు అంటే ఈ రెంటికీ మధ్యలో మీ చెరువు మురుగులోని ఎరువును ఎంతో కొంత పీల్చుకుంటోంది. జక్కూరు చెరువులో శుద్ధి చేసిన నీళ్ళను జమ్ము, ఇతర మొక్కలున్న తడినేల గుండా పంపి చెరువులోకి వదిలేది ఈ పని కోసమే. మీ చెరువు అదే పని ఎవరూ అడగకుండా చేస్తోంది. అన్నీ పీకేస్తే ఆ పని ఆగుతుంది, ఏమీ కోయకుండా వదిలేసినా అవి చచ్చి కుళ్ళి ఎరువంతా తిరిగి నీళ్ళలోకే.

నలుచదరపు మచ్చలు నియోకెటినా పెంకుపురుగు తిన్న గుర్తులు. గుర్రపు డెక్కను తినడానికే 1980ల్లో వాటిని తెప్పించి మన బెంగళూరు చెరువుల్లోనే వదిలారు. వాటి మనవళ్ళ మనవళ్ళు ఇంకా డ్యూటీ చేస్తున్నాయి. మురుగు ఆగనంత కాలం పురుగు తినే వేగం కన్నా డెక్క పెరిగే వేగమే ఎక్కువ, అందుకే అవి ఓడిపోతున్నట్టు కనిపిస్తాయి.

జీఐఎస్_గిరి

మ్యాపు కూడా చూశా. కాలువ వైపు మచ్చ జనవరి నుంచి మూడింతలు. మధ్యలోది గాలిని బట్టి తూర్పుకీ పడమటికీ తిరుగుతోంది, అది డెక్కే. అలుగు పక్కది కదలలేదు, అది జమ్ము, ఫొటోలతో సరిపోయింది. వానాకాలం బొమ్మల్లో సగం మేఘాలే, వాటిని వదిలేశా.

సర్జాపూర్_శీను

సరే ఒప్పుకున్నా, జాతకం కాదు. ఒక్క డౌటు. 2016 మార్చిలో ఉల్సూరు చెరువులో చేపలు గుట్టలు గుట్టలుగా చచ్చి తేలాయి కదా. ముందురోజు మొక్కల్ని చూసుంటే తెలిసేదా?

పచ్చనాకు

తెలిసేది కాదు. మంచి ప్రశ్న. ఒక రాత్రిలో ఆక్సిజన్ పడిపోయినా, ఎవరైనా ట్యాంకర్ తెచ్చి విషం వంపినా మొక్క వెంటనే చెప్పదు, అది వారాలు నెలల మీద మాట్లాడే జీవి. దానికి మీ మీటరే కావాలి. రెండూ ఉండాలి. 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్ళెం ఒకటి తాడుకు కట్టి ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిస్తే నీటి మసక కూడా తెలుస్తుంది, అది ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఫ్లాట్_నంబరు_ఎందుకులే

వెళ్ళి చూశాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. కాలువ వైపు డెక్క తీయించాల్సిందే, అందులో రాజీ లేదు. అలుగు వైపు జోలికి వెళ్ళకుండా ఉంటే మాకు అభ్యంతరం లేదు. ఫౌంటెన్ సంగతి తర్వాత. కానీ ఆ కాలువలోకి మురుగు వదులుతున్నది పై లేఅవుటో, మన సొంత ఎస్‌టీపీయో (మురుగు శుద్ధి ప్లాంటు) ముందు తేలాలి, లేకపోతే ఈ ఖర్చు ఏటా భరించాల్సిందే.

పచ్చనాకు

అసలు మాట అన్నారు. డెక్క విత్తనాలు బురదలో 15, 20 ఏళ్ళు బతుకుతాయి, కాబట్టి తీసిన ఏడాదే అయిపోయిందని అనుకోవద్దు. పూతకు ముందే తీయించండి. ఇంకోటి, చెరువు అసోసియేషన్ సొత్తు కాదు, ఏ సంస్థ చేతిలో ఉందో వాళ్ళ అనుమతి కాగితం చేతిలో లేకుండా యంత్రం దించకండి.

మురుగు ఎవరిదో తేల్చడానికి కూడా మొక్కలు కొంత సాయం చేస్తాయి. కాలువ వెంట పైకి నడవండి, అలిగేటర్ వీడ్ దట్టంగా మొదలయ్యే చోటు ఎక్కడో గుర్తు పెట్టుకోండి, దానికి కాస్త ఎగువనే గొట్టం ఉంటుంది.

కట్టమీద_కిరణ్

ప్లాన్ ఇది. కాలువ దగ్గర, మధ్యలో, అలుగు దగ్గర ఒక్కో గీత. ఒక్కో గీత మీద ఒడ్డు నుంచి లోపలికి మీటరు చదరం పీవీసీ చట్రాలు పెట్టి, ఒక్కో దాంట్లో ఏ మొక్క ఎంత శాతం కమ్మిందో రాయడం. అవే చోట్లు, అదే దిక్కుకు ఫొటో. వానలు తగ్గాక డిసెంబరులో ఒకసారి, ఎండాకాలం చివర మేలో ఒకసారి. డెక్క తీయించడానికి ముందే మొదటిది అయిపోవాలి, లేకపోతే తర్వాత ఏం మారిందో పోల్చడానికి ఏమీ ఉండదు. సార్, శాతం అంచనా ఒక్కొక్కరం ఒక్కోలా చెబుతామేమో?

పచ్చనాకు

చెబుతారు. అందుకే విడి అంకెలు వద్దు, 5 లోపు, 5 నుంచి 25, 25 నుంచి 50, 50 నుంచి 75, ఆ పైన, ఇలా తరగతులుగా రాయండి, బ్రౌన్ బ్లాంకే పద్ధతి అదే. ఇద్దరు విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోండి. పేరు తెలియని మొక్కకు "తెలియనిది 1, తెలియనిది 2" అని రాసి ఫొటో పెట్టండి, ఊహించి పేరు రాయొద్దు.

వైట్‌ఫీల్డ్_వదిన

నేనూ వస్తాను కిరణ్, మా పిల్లల్ని తీసుకురావచ్చా? పెద్దాడు తొమ్మిదో తరగతి.

కట్టమీద_కిరణ్

తప్పకుండా వదినా. పెద్దాడికి చట్రాలు, రాయడం అప్పజెబుదాం, చిన్నదాన్ని మాత్రం కట్ట దిగనివ్వొద్దు, కాలువ వైపు ఒడ్డు పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ కింద అంతా ఊబి. మోకాళ్ళదాకా వచ్చే బూట్లు, పాత బట్టలు, తాగే నీళ్ళు తెచ్చుకోండి. రేక్‌లు, తాడు నా దగ్గర ఉన్నాయి. పీవీసీ గొట్టాలు కోయడానికి ఎవరి దగ్గరైనా రంపం ఉంటే చెప్పండి.

సర్జాపూర్_శీను

రంపం నా దగ్గర ఉంది. మీటర్ కూడా తెస్తా.